మూర మీద నాలుగు వేళ్ళు

రైల్వే క్వార్టర్స్, బిలాస్‌పూర్
5-2-1991, మంగళవారం

ప్రియమైన శ్రీవారికి,

అనంతలక్ష్మి నమస్కరించి రాస్తున్నది.

మీరు బదిలీ మీద ఆ కొండల్లోని ఖోడ్రి స్టేషనుకి వెళ్ళి రేపటికి నాలుగు నెలలు. మీ ఉత్తరాలు అందుతున్నాయి. నా ఒంట్లో బాగానే ఉంది. అత్తగారి సంగతే రాయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇందాకటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను.

అత్తగారు అన్నం మానేశారు. ఇవాళ్టికి ఆరు రోజులు. పొద్దున్న గ్లాసుడు పాలు, సాయంత్రం కాస్త మజ్జిగ తేట. కంచం దగ్గర పెడితే చేత్తో తడిమి పక్కకి జరిపేస్తున్నారు.

కిందటి బుధవారం మీ ఉత్తరం చదివి వినిపిస్తున్నాను. "ఇక్కడంతా కులాసా, చలి తగ్గింది, భోజనానికి లోటు లేదు" అన్న చోటికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఆ కాయితం ఇలాగియ్యి."

ఇచ్చాను. చూపు లేని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేలితో అక్షరాల మీద రాసి, మడిచి నా ఒళ్ళో పడేశారు.

"బాగా రాసేవమ్మా. శివాజీ అప్పుడు కూడా ఇలాగే బాగా రాసేరు."

పన్నెండేళ్ళ కిందటి సంగతి మనం మరిచిపోయాం గాని, ఆవిడ మరిచిపోలేదు. శివాజీ బావగారు యార్డులో ప్రమాదంలో పోయాక, అత్తగారి గుండె తట్టుకోదని నలభై రోజులు దాచాం. బావగారి పేరున మీరు ఉత్తరాలు రాసేవారు, నేను చదివేదాన్ని. ఆ నలభై రోజుల్లో దసరా వచ్చింది. అందరితో పాటు ఆవిడా గారెలు తిన్నారు. ఇప్పుడు ఆ మాటే అంటున్నారు. "కొడుకు కాటికెళ్ళిన నెలలో నాసేత గారెలు తినిపించేరు. ఇంకోపాలి తినను. రమణ కూడా పోయేడని సెప్పీండి, ఏడ్చుకుని తింటాను" అంటున్నారు.

మీరు బతికే ఉన్నారని ఒట్టేసి చెప్పాను. సింహాచలం అప్పన్న మీద ఒట్టేశాను. "అప్పుడు కూడా ఏసేవు" అన్నారు. నిజమే, వేశాను.

డాక్టరు గారు ఇంటికొచ్చి చూశారు. జబ్బేమీ లేదట. ఈ వయసులో ఇలాగే తినకుండా ఉంటే మాత్రం ఎక్కువ కాలం నిలవరని నన్ను వసారాలోకి పిలిచి చెప్పారు.

ఒక్క రోజు వచ్చి వెళ్ళండి. ఆవిడ తల మీద చెయ్యి వేసి "అమ్మా" అంటే చాలు. నేను ఇంతకన్నా ఏమీ అడగను.

మీ
అనంతలక్ష్మి


ఖోడ్రి
9-2-1991

ప్రియమైన అనంతానికి,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి చేతిలో పని సాగడం లేదు. అమ్మకి ఆ రోజుల్లో అన్నయ్య పేరున ఉత్తరాలు రాసినవాణ్ణి నేను. ఇప్పుడు నా మీదికే వచ్చింది.

నేను రాలేను. కోపం తెచ్చుకోకుండా విను. కొండ మలుపుల్లో టెలిఫోను తీగలు మారుస్తున్నారు. మెయింటెయినర్లం ఇద్దరం ఉండాలి, రెండోవాడు జబ్బు సెలవులో ఉన్నాడు. మార్చి నెలాఖరు దాకా నన్ను కదలనివ్వరు. స్టేషను ఫోనులో మాట్లాడించవచ్చు కదా అంటావేమో. అమ్మ మంచం దిగలేదు. పైగా అది డ్యూటీ లైను. ఆ తీగకి కాపలా ఉన్నవాణ్ణి నేనే, నేనే దాన్ని ఇంటి మాటలకి వాడితే ఎలా?

కాని ఒక దారి ఉంది. నా వైర్‌లెస్ పెట్టె నా దగ్గరే ఉంది. బిలాస్‌పూర్లో మన బ్యాంకు తిరుమలరావుకి కూడా నాలాగే హామ్ రేడియో లైసెన్సు ఉంది. సెట్టుని ఎక్కడికైనా పట్టుకెళ్ళి వాడుకునే అనుమతి మా ఇద్దరికీ ఉంది. ఒక ఆదివారం పది గంటలకి అతను సెట్టు తెచ్చి అమ్మ మంచం పక్కన పెడతాడు. నేను ఇక్కడి నుంచి మాట్లాడతాను.

దానికి పెరట్లో యాంటెనా కట్టాలి. తిరుమలరావుకి ఆదివారం తప్ప తీరిక ఉండదు, కనుక నువ్వే కట్టాలి. భయపడకు, బట్టలారేసే తాడు కట్టడం కన్నా కష్టం కాదు. మంచం కింద చెక్కపెట్టెలో రాగి తీగ చుట్ట ఉంది. ముప్ఫై మూడు అడుగుల ముక్కలు రెండు కొయ్యి. రెండు ముక్కల మొదళ్ళూ పాత ప్లాస్టిక్ దువ్వెన ముక్కకి చెరోవైపూ కట్టు, ఒకదానికొకటి తగలకూడదు. అక్కడి నుంచి నల్ల కేబులు కిందికి దిగుతుంది, అది పెట్టెలోనే ఉంది. దువ్వెన ముక్కకి తాడు కట్టి వేప కొమ్మ మీంచి లాగితే మధ్య భాగం పైకి వెళ్తుంది. చివర్లు రెండూ ఇటూ అటూ ఏటవాలుగా దించి, ప్లాస్టిక్ ముక్కలతో గోడకీ స్తంభానికీ కట్టెయ్యి. మరీ ఎత్తు అక్కర్లేదు. దగ్గర ఊళ్ళకి తక్కువ ఎత్తే మేలు. తాడు చివర రాయి కట్టి కొమ్మ మీంచి విసురు. చెట్టు మాత్రం ఎక్కకు.

ఒక్క మాట. లైసెన్సు లేనివాళ్ళు దాంట్లో మాట్లాడకూడదు. ఇంటి సంగతులు పంపడం కూడా నియమం కాదు. "అమ్మా, అన్నం తిను" అని నేను అనకూడదు. వాతావరణం, తీగ, సెట్టు, వీటి గురించే మేం మాట్లాడుకుంటాం. అయినా గొంతు నాదే కదా. కన్నతల్లి చెవికి అది చాలదా?

నీ
రమణమూర్తి


బిలాస్‌పూర్
19-2-1991

ప్రియమైన శ్రీవారికి,

నమస్కారాలు. మీ తీగ పైకెక్కింది. ఎలా ఎక్కిందో చెబుతాను, కాస్త నవ్వుకోండి.

ముప్ఫై మూడు అడుగులు కొలవడానికి ఇంట్లో టేపు లేదు, మీరు పట్టుకెళ్ళారు. మూర అంటే అడుగున్నర, ఇరవై రెండు మూరలైతే సరిపోతుందని లెక్క కట్టుకున్నాను. నా చెయ్యి పొట్టి. అత్తగారి మూర సరిగ్గా అడుగున్నర ఉంటుందని మీరే అనేవారు కదా. అందుకని తీగ చుట్ట తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.

"ఏటిది?" అన్నారు.

"తీగ అత్తయ్యా. దీన్ని పెరట్లో కడితే ఖోడ్రి నుంచి మీ అబ్బాయి గొంతు వినిపిస్తుంది."

"ఇన్నాళ్ళూ కాయితాలు, ఇప్పుడు తీగలేటి?" అని తీగ కొసని వేళ్ళతో తడిమి చూశారు. తరవాత "ఎన్ని మూరలు?" అన్నారు.

చెప్పాను. మంచం మీద లేచి కూర్చుని, గోడకి చేరబడి, పూలదండ కొలిచినట్టే మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక్కొక్క మూరే లెక్కపెడుతూ కొలిచారు. పెదాలు కదులుతున్నాయి. మధ్యలో పలకరిస్తే "ఉండు, లెక్క తప్పుతాది" అని కసిరారు. ఇన్నాళ్ళ తరవాత ఆవిడ కసురుకుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక వేప చెట్టు. అది అమ్మవారు కదా, చెప్పులు విడిచి, పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని రాయి విసిరాను. మొదటిసారి రాయి నా కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి మంగాయమ్మ వాళ్ళ పెరట్లో పడింది. ఆవిడ గోడ మీంచి తల పెట్టి "అచ్ఛా వదినా! యాప సెట్టుకి మామిడికాయలు కాసేయేటి?" అంది.

"మీ అన్నయ్యగారి గొంతు కాసింది, దింపుతున్నాను" అన్నాను.

నాలుగోసారికి కొమ్మ దాటింది. మంగాయమ్మే వచ్చి తాడు లాగింది. తీగ రెండు పక్కలా రెక్కలు దించిన కొంగలా ఉంది.

అత్తగారికి నిన్నటి నుంచి పాలలో కాస్త గంజి కలిపి ఇస్తున్నాను. తెలిసీ తెలియనట్టు తాగుతున్నారు. అన్నం మాత్రం ముట్టడం లేదు. చేతులు సన్నబడిపోయాయి. తిరుమలరావు గారు ఈ ఆదివారం, ఇరవై నాలుగో తారీఖున వస్తామన్నారు. మీరు సిద్ధంగా ఉండండి. ఈ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకున్నాను.

మీ
అనంతలక్ష్మి


ఖోడ్రి
22-2-1991, శుక్రవారం

ప్రియమైన అనంతానికి,

ఈ చీటీ గార్డు చేత పంపుతున్నాను, రాత్రికే నీకు అందుతుంది.

శభాష్. మా ఇన్‌స్పెక్టరు కూడా నీ అంత తొందరగా తీగ ఎత్తలేడు. ఇక్కడ నాకే ఇంకా కుదరలేదు. క్వార్టరు వెనక ఒకటే సాల చెట్టు, నిటారుగా పోయింది, మొదటి కొమ్మే ఇరవై అడుగుల మీద ఉంది. రాయి రెండుసార్లు పైనే ఇరుక్కుపోయింది. రేపు డ్యూటీ దిగాక ఎలాగైనా ఎత్తేస్తాను. ఆదివారం పది గంటలకి నా గొంతు మీ ఇంట్లో ఉంటుంది. అమ్మకి చెప్పు.

నీ
రమణమూర్తి


బిలాస్‌పూర్
24-2-1991, ఆదివారం

ప్రియమైన శ్రీవారికి,

మీ గొంతు రాలేదు.

తిరుమలరావు గారు తొమ్మిదిన్నరకే వచ్చారు. సెట్టు ముక్కాలిపీట మీద పెట్టి, కింద బ్యాటరీ పెట్టి, కేబులు తగిలించారు. అత్తగారి చేత స్నానం చేయించి ఉతికిన చీర కట్టాను. వద్దంటూనే జుట్టు ముడి సరిచేసుకున్నారు. పది నుంచి పన్నెండు దాకా కూర్చున్నాం. ఎవరో జబల్‌పూర్ ఆయన ఎండల గురించి మాట్లాడాడు. ఇంకెవరో దగ్గారు. మీరు మాత్రం లేరు. తిరుమలరావు గారు పిలిచి పిలిచి గొంతు ఆరిపోయి రెండు చెంబుల మంచినీళ్ళు తాగారు.

ఆఖరికి ఆయన టేపు తీసి తీగ కొలిచారు. ఒక్కో వైపూ ముప్ఫై ఎనిమిదిన్నర అడుగులు! అయిదున్నర అడుగులు ఎక్కువ. లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కాలేదు. అత్తగారిని అడిగితే నా తెలివికి జాలిపడినట్టు ముఖం పెట్టారు.

"దేవుడి దండకి మూర మీద నాలుగేళ్ళు ఎక్కువెయ్యాలి కదేటి? ఉత్త మూర ఎలాగేస్తాను?"

ఇరవై రెండు మూరల మీదా నాలుగేసి వేళ్ళు వేశారండీ. నమ్మకం లేదన్న మనిషి, దేవుడికి కొలిచినట్టు కొలిచారు. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

తిరుమలరావు గారు వెళ్ళేటప్పుడు తల గోక్కుంటూ, "తీగ పొడుగైతే నా మాట అతనికి అందకపోవచ్చు గాని చెల్లెమ్మా, అతని మాట పలచగానైనా మనకి వినిపించాలే! జబల్‌పూర్ వినిపించింది కదా" అన్నారు. నాకవన్నీ తెలియవు.

ఆయన వెళ్ళాక అత్తగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం మజ్జిగ ఇస్తే "ఇంక నన్ను మభ్యపెట్టకు తల్లీ" అన్నారు. "తల్లీ" అని ఆవిడ నన్ను ఎప్పుడూ పిలవలేదు. నాకు భయంగా ఉంది.

వెంటనే జవాబు రాయండి.

మీ
అనంతలక్ష్మి


ఖోడ్రి
1-3-1991

ప్రియమైన అనంతానికి,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. కలంలో సిరా అయిపోయి పెన్సిలుతో రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నేను ఆదివారం పది గంటల నుంచీ పిలుస్తూనే ఉన్నాను. తప్పంతా తీగదే. అయిదున్నర అడుగులు ఎక్కువైతే ఇంకేం వినిపిస్తుంది? అమ్మ మూరలు మన కొంప ముంచాయి. తిరుమలరావు చేత సరిగ్గా ముప్ఫై మూడు అడుగులకి కోయించు.

వచ్చే ఆదివారం నాకు వీలు కాదు. ఆ పై ఆదివారం, పదో తారీఖున, పది గంటలకి తప్పకుండా ఉంటాను. ఇది మాత్రం నమ్ము. తిరుమలరావుకి ఒక మాట చెప్పు. బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అనవసరమైన ప్రశ్నలు వెయ్యొద్దని. నేను ఊరికే వాతావరణం గురించి నాలుగు ముక్కలు చెబుతాను, అమ్మ వింటే చాలు.

ఇక్కడంతా కులాసా. నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ
రమణమూర్తి


బిలాస్‌పూర్
5-3-1991

ప్రియమైన శ్రీవారికి,

నమస్కారాలు. తీగ కోయించాను. తిరుమలరావు గారు సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ కొలిచి, కోసి, మళ్ళీ కట్టి వెళ్ళారు.

మీ ఉత్తరంలో వరసలు పైకి పాకిపోయాయి. కదిలే బండిలో రాశారా? కళ్ళజోడు సరిగ్గా పెట్టుకోండి.

మీ ఉత్తరం అత్తగారికి చదవలేదు. చదువుతానంటే "నీ ఇష్టం, సదూకో" అన్నారు. పక్క మీద నుంచి లేవడం లేదు. నేను పక్కన కూర్చుని సహస్రనామం చదువుతుంటే మాత్రం వింటున్నారు. డాక్టరు గారు మళ్ళీ వచ్చి, ఈ వారం దాటి ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సూది ద్వారా సెలైను ఎక్కించాలన్నారు. ఆవిడ ఒప్పుకుంటారా? ఒప్పుకోరు.

కాలనీ వాళ్ళు మాత్రం చాలా మంచిగా ఉన్నారు. మంగాయమ్మ రోజూ ఏదో ఒక కూర తెచ్చిస్తోంది. అప్పలకొండ గారి భార్య వచ్చి అడక్కుండానే నీళ్ళు పట్టి పెట్టింది. నేను వెళ్తే కుళాయి దగ్గర అందరూ మాటలాపేసి "కులాసాయేనా వదినా?" అంటున్నారు. అత్తగారి పరిస్థితి చూసి జాలిపడుతున్నారు కాబోలు. ఆ మాటే అత్తగారితో అంటే, "మంగాయమ్మ నాతో ఏళాకోళం మానేసి పది రోజులయ్యింది. గొంతు మెత్తబడిపోనాది. శివాజీ అప్పుడు కూడా ముందు ఇరుగుపొరుగుల గొంతులే మెత్తబడ్డాయి" అన్నారు.

తరవాత మీ ఉత్తరం తీసి చూసుకున్నాను. చేతిరాత మీదే. నాకు అది చాలు.

పదో తారీఖు తప్పిపోనివ్వకండి.

మీ
అనంతలక్ష్మి


బిలాస్‌పూర్
10-3-1991, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన శ్రీవారికి,

ఖోడ్రికి కాదు, ఈసారి పెండ్రా రోడ్ ఆసుపత్రికి రాస్తున్నాను. పొద్దున్న మీరే చెప్పారు కదా చిరునామా.

మీకు అటువైపు ఏం వినిపించిందో నాకు తెలియదు. ఇక్కడ ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి.

పది కొట్టిన రెండు నిమిషాలకే మీ గొంతు వచ్చింది. మొదట బుసబుసమని చప్పుడు, దానిలోంచి మీరు. "తిరుమలరావు గారూ, నేను రమణమూర్తిని, మీ మాట బాగా అందుతోంది" అన్నారు. నేను రెండు చేతులూ జోడించేశాను. అత్తగారు మాత్రం గోడ వైపు నుంచి తిరగలేదు.

"అది కేసెట్టు" అన్నారు.

"కాదు పెద్దమ్మగారూ, ఇప్పుడే మాట్లాడుతున్నాడు" అన్నారు తిరుమలరావు గారు.

"మనవరాలు శ్రీనిధి పెళ్ళిలో వీడి మాటలు కేసెట్టులో పట్టేరు కదేటి, నాకు తెల్దా? ఆపీండి బాబూ, మీకు పుణ్యముంటాది."

మీరు చెప్పమన్న మాట తిరుమలరావు గారికి ముందే చెప్పాను, ఎక్కువ ప్రశ్నలు వెయ్యొద్దని. ఆయన మైకు పట్టుకుని నా వైపు చూసి, "ఇంటి మాటలు కూడదు, ప్రశ్నలు కూడదు, ఇంకేం మాట్లాడను చెల్లెమ్మా? అందర్నీ అడిగేవే అడుగుతాను" అన్నారు. పాపం, ఆయన బ్యాంకు మనిషి. మన రైల్వే కాలనీ గుసగుసలు ఆయన దాకా వెళ్ళవు. అందరినీ అడిగేదే అడిగారు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, యాంటెనా ఏమిటి, ఎంత ఎత్తున ఉంది అని.

చాలాసేపు మీరు పలకలేదు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాం. అప్పుడు వచ్చింది.

"ఉన్న చోటు పెండ్రా రోడ్. ఆసుపత్రి వరండా. తీగ ఎత్తు ఆరడుగులు. కిటికీ ఊచ నుంచి సెలైను సీసా తగిలించే కర్ర దాకా కట్టాను. ఇంతకన్నా ఎత్తలేను. నా ఎడమ కాలు సిమెంటు కట్టులో ఉంది. ఓవర్."

తిరుమలరావు గారి చేతిలో మైకు అలాగే ఉండిపోయింది. ఉత్తరంలో నాకు "ఖోడ్రి" అని రాయగలిగిన మనిషి, గాలిలో ఆ మాట అనలేకపోయారు. మీ సంగతి నాకు తెలుసు. రేడియోలో మాట్లాడిన ప్రతిసారీ రాసుకునే ఆ పుస్తకంలో పదిహేనేళ్ళుగా ఉన్న చోటు ఉన్నట్టే రాసుకున్నారు. ఆ నియమం తప్పడం మీ వల్ల కాదు. పెళ్ళాం మాత్రం ఆ నియమంలోకి రాదన్నమాట.

అప్పుడు మంచం కిర్రుమంది. రెండు వారాలుగా లేవని మనిషి మోచేతి మీద లేచారు.

"ఏటన్నాడు? కాలా? ఏ కాలు?"

ఆవిడ మాట పంపకూడదు కదా. తిరుమలరావు గారు తెలివైనవారు. "మీరు చెప్పినది సరిగా అందలేదు. మళ్ళీ చెప్పండి, వివరంగా" అన్నారు.

"ఎడమ కాలు. మోకాలి కింద. ఇరవై మూడో తారీఖున యాంటెనా కడుతూ సాల చెట్టు మీంచి పడ్డాను. ఆరు వారాల కట్టు. మిగతా ఒళ్ళు బాగుంది. ఓవర్."

"సెట్టెక్కేడా!" అని అరిచారు అత్తగారు. "యాబై రెండేళ్ళ ముసిలెదవ సెట్టెక్కేడా! సిన్నప్పుడు సీమసింత సెట్టు మీంచి పడితే నడ్డి మీద బాదేను, అప్పుడే కాలిరగ్గొట్టీవలసింది!" తిడుతున్నారు, ఏడుస్తున్నారు, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. "కేసెట్టులో ఉన్నోడికి కాలిరుగుతాదేటే? వీడు నా రమణే. బతికున్నాడు!"

ఆవిడే మళ్ళీ అన్నారు.

"ఇన్నాళ్ళూ కులాసా, కులాసా అని సదివేవు. పోయినోళ్ళకే అన్నీ కులాసా. బతికున్నోడికి ఏదో ఒక నొప్పుంటాది కదేటి? అది లేని ఉత్తరం నానెలాగ నమ్మీది?"

మీరు తరవాత చెప్పిన వాతావరణం మేమెవ్వరం వినలేదు.

తిరుమలరావు గారు సెట్టు కట్టేసి, కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయారు. అత్తగారు "బువ్వెట్టు" అన్నారు. కంది కట్టు, మెత్తగా వండిన అన్నం పెట్టాను. ఆవిడ చేతుల్లో సత్తువ లేక నేనే కలిపి ముద్దలు పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నారు.

ఇంతలో మంగాయమ్మ గుమ్మంలో నిలబడింది. ఆవిడ ముఖం చూడగానే తెలిసిపోయింది. "నాకు మొదటి రోజే తెలుసు వదినా. గార్డులు సెప్పేరు. బిలాస్‌పూర్ తెస్తామంటే అన్నయ్యే వద్దన్నాడట. వదినకి సెప్తే అమ్మని ఒగ్గీసి పరిగెత్తుకొచ్చేస్తాది, అక్కడ అమ్మ పోతాది, సెప్పకండి అని ఒట్టెట్టేడట" అని ఏడ్చింది. కాలనీ అంతటికీ తెలుసు. నాకు తప్ప.

నేను మంగాయమ్మని ఏమీ అనలేదు. ఏ నోటితో అనగలను? ఒకప్పుడు నేనూ నలభై రోజులు ఇదే పని చేశాను. అత్తగారి మేలు కోసమే అనుకుని గొంతు తడబడకుండా చదివాను. మోసపోయిన మనిషి ఎంత ఒంటరిగా ఉంటుందో ఇవాళ గుమ్మంలో నిలబడితే తెలిసింది. వెళ్ళి అత్తగారి పాదాలు పట్టుకున్నాను. "అత్తయ్యా, బావగారి ఉత్తరాలు చదివినందుకు నన్ను క్షమించండి" అన్నాను. పన్నెండేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆవిడ కాసేపు నా తల మీద చెయ్యి ఉంచారు. "లెగు. కంది కట్టులో ఉప్పు సాల్లేదు" అన్నారు.

ఇంకొకటి. ఆ రోజు మీరు పలకకపోవడానికి మూరలు కారణం కాదు కదా. మీరు అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. అయినా కన్నతల్లి దేవుడి దండలా కొలిచిన తీగ మీద తప్పంతా తోసేసి రాశారు. ఆ మాట ఆవిడకి చదవనందుకు సంతోషిస్తున్నాను. మీరే ఎదురుగా చెప్పుకోండి.

రేపు పొద్దున్న పాసింజరుకి బయలుదేరుతున్నాను. రెండు రోజులు అత్తగారిని మంగాయమ్మ చూసుకుంటానంది. అత్తగారు కూడా "ఎల్లి సూసిరా, కట్టు మీద సెయ్యేసి సూడు, ఉత్త మాటలు ఇనకు" అని పంపుతున్నారు. మీకు ఉత్తరం రాస్తున్నానంటే తనవి కూడా రెండు ముక్కలు రాయమన్నారు. ఆవిడ చెప్పినవి చెప్పినట్టే రాస్తున్నాను:

"ఒరే రమణా, ఇకమీదట ఉత్తరం రాస్తే ఏటి బాగులేదో ముందు రాయి. అది ఇన్నాక మిగతాది నమ్ముతాను."

కనుక నేనూ అలాగే రాస్తున్నాను. నాకు బాగులేదు. ఈ పదిహేను రోజులూ మీ చేతిరాతని దిండు కింద పెట్టుకుని నిశ్చింతగా పడుకున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది. మీ మీద ఇంకా ఎక్కువ ఉంది. రేపు వచ్చినప్పుడు నేను మాట్లాడకపోతే, అందుకే అని తెలుసుకోండి.

మిగతా అంతా కులాసా.

మీ
అనంతలక్ష్మి